పదేళ్లకు గెలిచే ఆట, పదిహేనేళ్లకు గెలిచే ఆట

(డాలస్ ఉత్తర శివార్లలో తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో ఒక బాలికల సాకర్ (ఫుట్‌బాల్) కోచ్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. శనివారం మధ్యాహ్నం ఈ హాలు ఇంత నిండుగా ఉందంటే ఆ ఘనత నాది కాదు, రాత్రి కురిసిన వానది. గ్రౌండ్లు మూసేశామని పొద్దున్నే మీ అందరి ఫోన్లకూ సందేశం వచ్చి ఉంటుంది. (నవ్వులు)

ఆడపిల్లల సాకర్ జట్టును గట్టి పోటీ ఇచ్చేలా తయారుచేయడం గురించి, గెలుపుకూ పిల్లల ఎదుగుదలకూ మధ్య సమతూకం గురించి మాట్లాడమన్నారు. ముందే చెప్పేస్తాను, నాకు గెలవడం చాలా ఇష్టం. మ్యాచ్ ఓడిన రాత్రి నాకు అన్నం సయించదు. "స్కోరుదేముందండీ, పిల్లలు సరదాగా ఆడుకుంటే చాలు" అనే మాట వినడానికి బాగుంటుంది కానీ, దాన్ని నమ్మనివాళ్లలో మొదట నిలబడేది పిల్లలే. తొమ్మిదేళ్ల పిల్లను నిద్రలేపి అడగండి. స్కోరు ఎంతో, ఏ గోల్ ఎవరు కొట్టారో, రిఫరీ ఎక్కడ పొరపాటు చేశాడో గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. నార్వేలో పదకొండేళ్లు నిండబోయే దాకా పిల్లల జట్లకు పాయింట్ల పట్టికలు వేయకూడదన్న నియమం ఉంది. మంచి నియమమే. కానీ మనం ఉన్నది టెక్సస్‌లో. ఇక్కడ పదేళ్ల పిల్లల జట్లకు కూడా ర్యాంకులు ఇచ్చే యాప్‌లు ఉన్నాయి, వాటిని రాత్రి పన్నెండింటికి తెరిచి చూసే నాన్నలూ ఉన్నారు. ఎవరని అడగను. (నవ్వులు)

కాబట్టి గెలవాలా వద్దా అనే చర్చ నాకు అనవసరం. ఏ వయసులో దేని బలంతో గెలుస్తున్నాం అన్నదే నాకు ముఖ్యం.

పదేళ్ల పిల్లల మ్యాచ్ గెలవడం పెద్ద విద్యేమీ కాదు. ఆ కిటుకు ఉచితంగా చెబుతాను, రాసుకోండి. జట్టులో అందరికంటే ముందు పొడవెదిగిన, అందరికంటే వేగంగా పరుగెత్తే అమ్మాయిని ముందు నిలబెట్టండి. కాలి బలం ఉన్న అమ్మాయిని వెనక నిలబెట్టండి. బంతి దొరకగానే వెనకున్న పిల్ల ముందుకు బాదాలి, ముందున్న పిల్ల దాని వెంట పరుగెత్తాలి. గోల్‌లో ఎప్పుడూ ఒకే అమ్మాయిని ఉంచండి. బెదురుగా ఉండే పిల్లలను ఆఖరి ఐదు నిమిషాలకు దించండి. అంతే. మ్యాచ్‌లు ఆరు-ఒకటి, ఏడు-సున్నా గెలుస్తారు. పతకాలు మెడలో వేసుకున్న ఫొటోలు సాయంత్రానికల్లా వాట్సాప్‌లో గుంటూరు దాకా వెళతాయి.

మూడేళ్లు ఆగి చూడండి. ఇక్కడ పిల్లలు తొమ్మిది, పదేళ్ల విభాగాల్లో ఏడుగురితో ఆడతారు, పదకొండు, పన్నెండులో తొమ్మిదిమందితో, పదమూడు నుంచి పదకొండుమందితో. 2017లో యూఎస్ సాకర్, అంటే అమెరికా సాకర్ సమాఖ్య, దేశమంతటా అమలు చేసిన పద్ధతి ఇది. పదమూడుకు వచ్చేసరికి గ్రౌండు పెరుగుతుంది, గోల్ పెరుగుతుంది, బంతి నాలుగో సైజు నుంచి ఐదో సైజుకు మారుతుంది. అదే సమయంలో మిగతా అమ్మాయిలంతా పొడుగవుతారు. మన పరుగుల రాణి వేగం ఇప్పుడు అందరి వేగమే. ఆమెకు ఇన్నేళ్లూ ఒక్కసారి కూడా, ఒంటి మీద డిఫెండరును పెట్టుకుని బంతిని ఆపి, తిరిగి, పాస్ ఇవ్వాల్సిన అవసరం రాలేదు. అవసరం రానిది ఎందుకు నేర్చుకుంటుంది? వెనక నుంచి బాదిన అమ్మాయిదీ అదే కథ. పది దాకా మనకు కప్పులు తెచ్చిన పిల్ల పద్నాలుగుకు బెంచీ మీద కూర్చుంటుంది, పదిహేనుకు "నాకు సాకర్ అంటే విసుగొచ్చింది" అంటుంది. విసుగొచ్చింది ఆట మీద కాదు. ఆడటం మనం నేర్పలేదు, అంతే.

రెండో పక్కన ఇంకొక పిల్ల ఉంటుంది. చిన్నగా, ఆలస్యంగా ఎదిగే పిల్ల. జనవరిలో పుట్టిన అమ్మాయీ డిసెంబరులో పుట్టిన అమ్మాయీ ఇంతకాలం ఒకే విభాగంలో ఆడారు. పదేళ్ల వయసులో దాదాపు ఏడాది తేడా అంటే ఆ పిల్ల జీవితంలో పదో వంతు. 2026-27 సీజన్ నుంచి ఈ లెక్క ఆగస్టు 1 నుంచి జూలై 31కి మారుతోంది, బడి తరగతులకు దగ్గరగా ఉండాలని. మంచిదే. కానీ గీత ఎక్కడ గీసినా ఎవరో ఒకరు ఆ గీతకు చివర పుడతారు. వాళ్లను పదేళ్లకే పక్కన పెట్టేస్తే, పదిహేనేళ్లకు వాళ్లు ఎలా ఆడేవాళ్లో మనకు ఎప్పటికీ తెలియదు.

ఈ కథ ఒక దేశం మొత్తానికి జరిగింది. 1972లో అమెరికాలో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థల్లో ఆడ, మగ వివక్ష ఉండకూడదన్నారు. ఆ చట్టం పుణ్యమా అని బడుల్లో, కాలేజీల్లో ఆడపిల్లల జట్లు పుట్టుకొచ్చాయి. మిగతా ప్రపంచం ఎలా ఉండేదో చూడండి. ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల గ్రౌండ్లలో ఆడవాళ్లను 1921 నుంచి దాదాపు యాభై ఏళ్లు ఆడనివ్వలేదు. బ్రెజిల్‌లో 1941 నుంచి 1979 దాకా ఆడవాళ్ల ఫుట్‌బాల్ మీద నిషేధమే ఉండేది. అలాంటి ప్రపంచంలో 1991లో తొలి మహిళల ప్రపంచ కప్ చైనాలో జరిగితే అమెరికా గెలవక ఇంకెవరు గెలుస్తారు? 1999లో మళ్లీ గెలిచారు, 2015లో, 2019లో కూడా. వేగం, బలం, దమ్ము, పట్టుదల, అన్నీ ఉన్నాయి. ఈలోగా మిగతావాళ్లు ఎదిగారు. స్పెయిన్ తన చిన్న పిల్లలకు బంతితో స్నేహం నేర్పింది. 2018లో, 2022లో పదిహేడేళ్ల లోపు బాలికల ప్రపంచ కప్ గెలిచి, 2023లో పెద్దవాళ్ల కప్పూ ఎత్తుకుపోయింది. అదే 2023లో అమెరికా స్వీడన్ చేతిలో పెనాల్టీల్లో ఓడి ప్రీక్వార్టర్స్‌లోనే ఇంటికొచ్చింది. అంత తొందరగా ఆ జట్టు ప్రపంచ కప్ నుంచి ఎప్పుడూ బయటకు రాలేదు. తర్వాతి ఏడాదే పారిస్‌లో ఒలింపిక్ స్వర్ణం గెలిచి లేచి నిలబడ్డారు, అది వేరే సంగతి. కానీ ఒకప్పుడు అమెరికా కూడా అందరికంటే ముందు పొడవెదిగిన పిల్లే. ఫ్రిస్కోలో జాతీయ సాకర్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది కదా, మనకు పక్కనే. పిల్లలను తీసుకెళ్లండి. వెళ్లినప్పుడు మీరు కూడా ఈ కోణంలో ఒకసారి చూడండి.

మరి ఏం చేయాలి? హైదరాబాద్ వాళ్లు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. సగం హాలు. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు మీకు తెలిసే ఉంటుంది. బడిపంతులు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ ఫుట్‌బాల్ టోర్నమెంటు గెలిచింది. ఆయన తయారుచేసిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది. గెలుపు పట్టని మనిషి కాదని దీన్నిబట్టే తెలుస్తుంది. ఆయన హైదరాబాద్‌లో ఏం చేసేవారంటే, డ్రిబ్లింగ్, అంటే బంతిని తన కాలి దగ్గరే ఉంచుకుని దూసుకెళ్లడం, చేయకూడదన్న షరతుతో టోర్నమెంట్లు పెట్టేవారు. అలవాటు లేని కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. అక్కడా స్కోరు ఉంటుంది, అక్కడా గెలుపోటములు ఉంటాయి. కానీ గెలవాలంటే పాస్ ఇవ్వక తప్పదు, ఎడమ కాలు వాడక తప్పదు.

నేను కోచింగ్ కోర్సులు చదివాను, కోచ్‌లకు ఇచ్చే డి లైసెన్సు దాకా వచ్చాను. అవన్నీ పనికొచ్చాయి. అయినా ఈ ప్రశ్నకు నాకు దొరికిన మంచి జవాబు మాత్రం ఆ పంతులుగారిదే. గెలుపును తీసేయనక్కర్లేదు. గెలవాలంటే ఏం నేర్చుకుని తీరాలో అది నేర్చుకునేలా పోటీని మలచాలి.

మా మంగళవారం ప్రాక్టీసులో నలుగురు, నలుగురుగా చిన్న ఆటలు ఆడిస్తాం. ఒక రోజు ఎడమ కాలి గోల్‌కు మూడు పాయింట్లు, కుడి కాలి గోల్‌కు ఒకటి. ఇంకొక రోజు ఐదు పాస్‌లు అయ్యాకే గోల్ కొట్టాలి. ఓడిన జట్టు కోన్లు ఏరాలి. ఆ కోన్లు ఏరే అవమానం తప్పించుకోవడానికి మన పిల్లలు పడే పాట్లు చూస్తే, ఆడపిల్లలకు పోటీతత్వం తక్కువ అనే మాట ఇంకెప్పుడూ అనరు. వాళ్లకు పోటీ అంటే భయం లేదు. స్నేహితుల ముందు పేరు పెట్టి తిట్టించుకోవడం అంటే భయం. అందుకే తప్పు చెప్పాలంటే పక్కకు పిలిచి చెబుతాను. మెచ్చుకోవాలంటే గ్రౌండంతా వినబడేలా అరుస్తాను. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం మహిళల జట్టు ప్రాక్టీసులో ప్రతి చిన్న పోటీ ఫలితాన్నీ రాసి గోడకు అంటించేది. ఇరవైకి పైగా జాతీయ టైటిళ్లు గెలిచింది, అమెరికా జట్టు తార మియా హామ్ అక్కడే ఆడింది. కొందరు కోచ్‌లు అది విని పదేళ్ల పిల్లలకు కూడా ర్యాంకుల కాగితం అంటిస్తున్నారు. పంతొమ్మిదేళ్ల అమ్మాయి ఆ కాగితం చూసి పళ్లు కొరుక్కుని మర్నాడు ఇంకో గంట ఆడుతుంది. పదేళ్ల పిల్ల అది చూసి ఇంటికెళ్లి కడుపునొప్పి అంటుంది.

ఇక మ్యాచ్‌ల సంగతి. మీకు నా మీద కోపం వచ్చేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ఏడుగురి ఆటలో గోల్‌కిక్ వచ్చిందనుకోండి, అంటే మన గోల్ ముందు నుంచి మనమే బంతిని మళ్లీ ఆటలోకి తేవాలి. గ్రౌండు మీద బిల్డౌట్ లైను అని ఒక గీత ఉంటుంది. ఎదుటి జట్టు ఆ గీత వెనక్కు వెళ్లాలి. గోల్‌కీపరు చేతుల్లోంచి గాల్లోకి తన్నడం ఈ వయసులో కుదరదు, నియమం ఒప్పుకోదు. వెనక నుంచి ఆట కట్టుకుంటూ రావడం పిల్లలకు అలవాటు కావాలనే ఇదంతా. మా కీపరు బంతి కింద పెడుతుంది. ఇద్దరు డిఫెండర్లు చెరో అంచుకు జరుగుతారు. మధ్యలో ఒక అమ్మాయి వెనక్కు వచ్చి బంతి అందుకోవాలి. ఆమె ముఖం మన గోల్ వైపు ఉంటుంది, ఎదుటి జట్టు ఆమె వీపు వెనక ఉంటుంది. బంతి తనను చేరేలోపు ఒక్కసారి భుజం మీదుగా వెనక్కు చూడాలి. ఆ ఒక్క చూపే సాకర్‌లో సగం చదువు. ప్రాక్టీసులో నేను వెనక నిలబడి వేళ్లు చూపిస్తాను. బంతి అందుకునేలోపు ఎన్ని వేళ్లో అరిచి చెప్పాలి. మొదట్లో అందరూ "మూడు" అని గుడ్డిగా అరిచేవాళ్లు, కోచ్ ఎక్కువగా మూడే చూపిస్తారని కనిపెట్టేశారు. (నవ్వులు) గడుసు పిల్లలు.

పోయిన సీజన్‌లో ఒక మ్యాచ్. ఇలాగే మధ్యలో అమ్మాయి బంతి అందుకుంది, వెనక్కు చూడలేదు, ఎదుటి అమ్మాయి గద్దలా వచ్చి లాక్కుంది. గోల్. మళ్లీ గోల్‌కిక్, మళ్లీ అదే ప్రయత్నం, మళ్లీ గోల్. పది నిమిషాల్లో సున్నా-రెండు. కుర్చీల వైపు నుంచి ఒక తండ్రి గొంతు, "కొట్టెయ్ తల్లీ, దూరంగా కొట్టెయ్!" ఆ అమ్మాయి నా వైపు చూసింది, నాన్న వైపు చూసింది, కళ్లు మూసుకుని బాదింది. బంతి సరిగ్గా ఎదుటి జట్టు మధ్యలో పడింది, అది తిరిగి మన మీదికే వచ్చింది. దూరంగా కొట్టడం సురక్షితమని మనం అనుకుంటాం. కొట్టిన ప్రతిసారీ బంతిని ఎదుటివాళ్లకు దానం చేస్తున్నామని లెక్కపెట్టం.

రెండో సగంలో ఒక్కసారి కుదిరింది. కీపరు ఎడమ డిఫెండరుకు ఇచ్చింది, ఆమె మధ్యకు ఇచ్చింది, మధ్యలో అమ్మాయి భుజం మీదుగా చూసి, బంతి ఆగకముందే తిరిగి, కుడి అంచున పరుగెత్తుతున్న పిల్లకు పాస్ ఇచ్చింది. ఆ పిల్ల కొట్టిన షాట్ బారు మీదుగా పార్కింగ్ లాట్‌లోకి వెళ్లింది. మ్యాచ్ ఒకటి-నాలుగు ఓడిపోయాం. నా పుస్తకంలో ఆ రోజు రాసుకున్నది ఆ మూడు పాస్‌ల గురించే. మరి ఎన్నాళ్లు ఇలా ఓడాలి అని మీరు అడగవచ్చు. పదేళ్లప్పుడు ఒకటి రెండు సీజన్లు. దానికి నేను సిద్ధం. పన్నెండేళ్లకు కూడా అలాగే బంతి పోగొట్టుకుంటుంటే అప్పుడు లోపం నా కోచింగ్‌ది, పిల్లలది కాదు, మీరు నిలదీయాల్సిందే.

లీగ్ స్థాయి ఎంచుకోవడంలో కూడా కోచ్‌కు తెలివి ఉండాలి. ప్రతి వారం ఎనిమిది-సున్నా గెలిచే విభాగంలో ఉంటే పిల్లలు ఏమీ నేర్చుకోరు. ప్రతి వారం ఎనిమిది-సున్నా ఓడినా ఏమీ నేర్చుకోరు, ఏడుపు తప్ప. కొన్ని గెలిచి, కొన్ని ఓడి, మిగతావి ఆఖరి నిమిషం దాకా తేలకుండా ఉండే చోటు వెతకాలి. టోర్నమెంటులో పై విభాగంలో పేరు వేయించుకోవడం, కప్పు కోసం ఆ వారాంతానికి పక్క జట్ల నుంచి ఇద్దరు ముగ్గురు అతిథి ఆటగాళ్లను తెచ్చుకోవడం, వాళ్ల కోసం మన పిల్లలను కూర్చోబెట్టడం, ఇవి నాకు నచ్చవు. ఎవరైనా జ్వరంతో పడుకుని ఏడుగురు లేకపోతే సరే.

ఆడే నిమిషాల గురించి చెప్పాలి. దీని మీద జరిగినన్ని గొడవలు ఇంక దేని మీదా జరగవు. లెక్క చూడండి. పదేళ్ల పిల్లల మ్యాచ్ యాభై నిమిషాలు. ఒకేసారి ఏడుగురు. ఏడు యాభైలు మూడు వందల యాభై. జట్టులో పన్నెండుమంది ఉంటే తలా ఇరవై తొమ్మిది నిమిషాలు. పదిమందే ఉంటే ముప్పై ఐదు. అంటే మీ అమ్మాయికి ఎంత ఆట దొరుకుతుందన్నది చాలామటుకు సీజన్ మొదలవకముందే, జట్టులో ఎంతమందిని చేర్చుకున్నారన్న దగ్గరే తేలిపోతుంది. క్లబ్బు ఫీజు ఏడాదికి వేల డాలర్లు కడుతున్నారు. ఆ ఒక్క సంఖ్య అడగకుండా సంతకం చేయకండి.

మా జట్టులో పదేళ్ల విభాగంలో ప్రతి పిల్లా కనీసం సగం మ్యాచ్ ఆడుతుంది, మ్యాచ్ ఎలా సాగుతున్నా సరే. ఒక అమ్మగారు స్టాప్‌వాచ్‌తో కూర్చుని కాగితం మీద రాస్తారు, ఆవిడ ఆడిటరు, తప్పు పోనివ్వరు. ఆఖరి ఐదు నిమిషాల్లో స్కోరు రెండు-రెండు ఉన్నా వంతు ఎవరిదైతే వాళ్లే గ్రౌండులో ఉంటారు. ఆ ఒత్తిడిలో ఆడటం కూడా నేర్చుకోవాలి కదా. గోల్‌కీపరు వంతులవారీగా మారుతుంది. ఇవాళ డిఫెండరు వచ్చే వారం ముందు ఆడుతుంది. పన్నెండేళ్ల విభాగంలోనూ దాదాపు ఇదే. పదమూడు నుంచి మారుతుంది. అక్కడ మ్యాచ్ డెబ్బై నిమిషాలు. ప్రాక్టీసుకు వచ్చి కష్టపడిన అమ్మాయి ఎక్కువ ఆడుతుంది, రాని అమ్మాయి తక్కువ ఆడుతుంది, అయినా మూడో వంతుకు తగ్గదు. ఫైనల్ ఆఖరి పది నిమిషాల్లో నా బలమైన పదకొండుమందీ గ్రౌండులో ఉంటారు, అందులో దాపరికం లేదు. కాకపోతే ఎవరు కూర్చోవాల్సి వస్తుందో ఆ అమ్మాయికి ముందే, నేనే, ముఖం చూసి చెబుతాను. పదమూడేళ్ల పిల్ల కూర్చోవడాన్ని తట్టుకుంటుంది. ఎందుకు కూర్చోబెట్టారో ఎవరూ చెప్పకపోవడాన్ని తట్టుకోలేదు.

కుర్చీల దగ్గర కూర్చునే మన గురించి రెండు ముక్కలు. మీరు అరిస్తే తప్పు లేదు. "బాగా ఆడావు", "పరుగెత్తు", ఎన్నిసార్లయినా అరవండి. ఎవరికి పాస్ ఇవ్వాలో, ఎప్పుడు కొట్టాలో మాత్రం చెప్పకండి. చెబితే ఆ నిర్ణయం మీరు తీసుకున్నారు, పిల్ల తీసుకోలేదు. తెలుగులో అరిస్తే రిఫరీకి అర్థం కాదని కొందరి ధైర్యం. గొంతు ఏ భాషలో ఉన్నా కోపం అందరికీ అర్థమవుతుంది. తిరుగు ప్రయాణంలో కారులో మ్యాచ్ విశ్లేషణ మొదలుపెట్టకండి. సీటు బెల్టు పెట్టుకుని వెనక కూర్చున్న పిల్ల ఎక్కడికీ పారిపోలేదు, పాపం. తనంతట తాను మాట్లాడితే వినండి. లేదా ఆకలేస్తోందా అని అడగండి.

ఇప్పుడు అమ్మాయిల ఒంటి సంగతి. ఇది మాట్లాడటానికి మనవాళ్లు మొహమాటపడతారు, నేను పడను. పన్నెండు, పదమూడేళ్లకు ఒళ్లు మారుతుంది. ఆట మానేసే వయసు కూడా సరిగ్గా అదే. తెల్ల షార్ట్స్ వేసుకోవాలంటే నెలలో కొన్ని రోజులు పిల్లలకు ప్రాణం మీదికి వస్తుంది. ఇంగ్లండ్ మహిళల జట్టు 2023లో తెల్ల షార్ట్స్ మానేసి నీలం రంగుకు మారింది, ఆటగాళ్లు అడిగి మరీ మార్పించుకున్నారు. మా జట్టుకు నల్లవి. నా సంచిలో దెబ్బలకు కట్టే పట్టీలతో పాటు ప్యాడ్లూ ఉంటాయి, ఎక్కడ ఉంటాయో పిల్లలందరికీ తెలుసు, అడగకుండా తీసుకోవచ్చు.

మోకాలి సంగతి ఇంకా ముఖ్యం. ఏసీఎల్ అనే లిగమెంటు తెగడం ఈ వయసు నుంచి అబ్బాయిల కంటే అమ్మాయిల్లో కొన్ని రెట్లు ఎక్కువ. తెగితే శస్త్రచికిత్స, కోలుకోవడానికి తొమ్మిది నెలలో ఏడాదో. నార్వేలో పదమూడు నుంచి పదిహేడేళ్ల అమ్మాయిలు 1,800 మందికి పైగా పాల్గొన్న ఒక అధ్యయనం 2008లో వచ్చింది. ఇరవై నిమిషాల ప్రత్యేక వార్మప్ చేసిన జట్లలో మొత్తం గాయాలు దాదాపు మూడో వంతు, తీవ్రమైన గాయాలు దాదాపు సగం తగ్గాయి. ఆ వార్మప్‌నే ఇప్పుడు ఫిఫా పదకొండు ప్లస్ అంటున్నారు. పరుగు, దూకి మోకాలు లోపలికి వంగకుండా దిగడం, ఒంటికాలి మీద నిలబడటం, తొడ వెనక కండరానికి వ్యాయామం. ఖర్చు సున్నా. ప్రాక్టీసు ఆరింటికి. మీరు ఆరుంబావుకు దింపితే మీ అమ్మాయి పోగొట్టుకునేది ఆటను కాదు, ఆ వార్మప్‌ను. ట్రాఫిక్ అని నాకు చెప్పకండి, అందరం అదే టోల్‌వే మీద వస్తున్నాం. (నవ్వులు)

అమ్మమ్మలు, నానమ్మలు కూడా కొందరు వచ్చినట్టున్నారు. మీకు దండం పెట్టి ఒకటి అడుగుతాను. "ఎండలో ఆడి ఆడి నల్లబడిపోయింది పిల్ల" అనే మాట మాత్రం పిల్ల వినేలా అనకండి. ఓటమితో ఆట మానేసిన పిల్లల కంటే ఈ మాటతో మానేసిన పిల్లలను నేను ఎక్కువ చూశాను. నిజామాబాద్ జిల్లా అమ్మాయి గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతోంది. 2022లో క్రొయేషియా వెళ్లి డినామో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది, 2025లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం అందుకుంది. నిజామాబాద్ ఎండ కంటే డాలస్ ఎండ ఎక్కువా? సన్‌స్క్రీన్ రాసి పంపించండి, చాలు.

కాలేజీ స్కాలర్‌షిప్ అని చాలామంది మనసులో ఉంది, తెలుసు. కాలేజీ క్రీడల్లో అన్నిటికంటే పై స్థాయి అయిన డివిజన్ వన్ కోచ్‌లు పదో తరగతి పూర్తయ్యాక వచ్చే జూన్ 15 దాకా మీ అమ్మాయితో సంప్రదింపులు జరపకూడదు, నియమం. డివిజన్ త్రీ కాలేజీల్లో ఆటకు స్కాలర్‌షిప్పే లేదు. పదేళ్ల పిల్ల కప్పు గెలిచిందని ఏ కాలేజీ వాళ్లూ రాసుకోరు. దాని గురించి ఇంతకంటే ఇప్పుడు అక్కర్లేదు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభలో ఒకరు: మా అమ్మాయికి పదకొండేళ్లు. ఇంకో క్లబ్బు వాళ్లు మొదటి జట్టులోకి రమ్మంటున్నారు. ఇప్పుడున్నది రెండో జట్టు. వెళ్లమంటారా?)

జట్టు పేరు చూసి వెళ్లకండి, ఒక మంగళవారం సాయంత్రం వెళ్లి ప్రాక్టీసు చూడండి. మీ అమ్మాయి ఈడు పిల్లను ఒకరిని ఎంచుకుని, పది నిమిషాల్లో ఆమె కాలికి బంతి ఎన్నిసార్లు తగిలిందో లెక్కపెట్టండి. పిల్లలు వరుసలో నిలబడి తమ వంతు కోసం ఎదురుచూస్తుంటే, ఎంత పెద్ద క్లబ్బయినా తిరిగి వచ్చేయండి. జట్టులో ఎంతమందో అడగండి. మీ అమ్మాయిని ఎక్కడ ఆడిస్తారో, ఒక్క చోటేనా అని అడగండి. వచ్చే ఏడాది కోచ్ ఈయనేనా అనీ అడగండి, చాలా క్లబ్బుల్లో కోచ్‌లు ఏడాదికొకరు మారతారు. మొదటి జట్టులో పదహారో పిల్లగా బెంచీ మీద కూర్చోవడం కంటే రెండో జట్టులో పూర్తి మ్యాచ్ ఆడటం పదకొండేళ్లకు మేలు. పద్నాలుగేళ్లయితే జవాబు మారవచ్చు.

(సభలో మరొకరు: మా పెద్దమ్మాయి పదమూడు. తనే మానేస్తానంటోంది. బలవంతం చేయాలా?)

ఆట మానేస్తానంటోందా, ఈ జట్టు మానేస్తానంటోందా? అది ముందు తెలుసుకోండి అమ్మా. సూటిగా అడిగితే చెప్పరు. జట్టులో దగ్గరి స్నేహితురాలు వెళ్లిపోయిందేమో, కోచ్ ఏదైనా అన్నారేమో, మోకాలు నొప్పి పెడుతోందేమో, చదువు ఎక్కువై నిద్ర చాలడం లేదేమో. సీజన్ మధ్యలో ఉంటే సీజన్ పూర్తి చేయమనండి, మాట ఇచ్చిన జట్టు కదా. ఆ తర్వాత నిర్ణయం తనకే వదిలేయండి. క్లబ్బు వద్దంటే హైస్కూలు జట్టు ఉంది, వారానికి ఒక్క రోజు ఆడే లీగులు ఉన్నాయి, చిన్న పిల్లల మ్యాచ్‌లకు రిఫరీగా కూడా వెళ్లవచ్చు, డబ్బులిస్తారు. అసలు వద్దంటే వద్దు. కూచిపూడి కూడా మానేస్తానందా? లేదా? అయితే కంగారు లేదు. (నవ్వులు)

గురువారం మా పెద్ద పిల్లల ప్రాక్టీసుకు ఒకసారి పంపించి చూడండి. ఫీజేమీ లేదు. షిన్ గార్డులూ నీళ్ల సీసా మర్చిపోకండి, ఆరింటికల్లా దింపండి.